నేను లేని చెరువు ఫొటో

ఆ రోజుల్లో మాలాంటి గల్ఫ్ కుర్రాళ్లకు నోటితో అబద్ధమాడే అవసరం పెద్దగా ఉండేది కాదు. ఫొటోలే ఆ పని చూసిపెట్టేవి. ఎవరిదో కారు డోరు మీద చెయ్యి వేసి ఒకటి, మాల్‌లో ఫౌంటెన్ ముందు నల్ల కళ్లద్దాలతో ఒకటి, పెద్ద హోటల్ గాజు తలుపు ముందు (లోపల మనకు పనేముంటుంది కనుక బయటే) ఒకటి తీసి ఇంటికి పంపితే చాలు, మిగతా కథంతా ఊరివాళ్లే అల్లుకునేవారు. టచ్ ఫోన్లు మా రూముల్లోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. నాకు ఇరవై నాలుగేళ్లు. జగిత్యాల పక్క నుంచి వచ్చి ఒమాన్‌లోని బహ్లాలో ఒక కంపెనీలో షట్టరింగ్ పని చేసేవాణ్ని. అంటే స్లాబు పోయకముందు చెక్కలు కొట్టడం, పోశాక వాటిని ఊడబీకడం. నాలుగేళ్లుగా కొట్టడమూ ఊడబీకడమే తప్ప నేను కట్టినదంటూ చూపించడానికి ఏదీ మిగలని పని. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో నా గురించి నాకే చాలా గొప్ప అభిప్రాయం ఉండేది.

ఆ గొప్పకు పునాది ఒక్కటే. నేను గొర్రెల నుంచి తప్పించుకున్నాను. మాది గొర్లు కాసే ఇల్లు. మా బాపుకు పెద్ద మంద ఉండేది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గూట్లో పెట్టి కర్ర పట్టుకుని మంద వెనక పోవడమే నా పని. తోటి పిల్లలు బెంచీ మీద నా పక్కన కూర్చోవడానికి ముక్కు చిట్లించేవారు. అది మనసులో అలాగే ఉండిపోయింది. అందుకని బహ్లా రూములో మా బాపుకు బట్టల దుకాణం ఉందని చెప్పుకున్నాను. (మేం గొంగళ్లు అమ్మేవాళ్లం. గొంగడి కూడా బట్టే కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.) పైగా గల్ఫ్‌కు వచ్చే మా వైపు వాళ్లందరికీ ఒక భయం ఉంటుంది. కాగితం మీద ఒక పని రాసి, విమానం దిగాక ఎడారిలో మేకల వెనక తోలుతారని. అరబ్బీలో కాపరిని రాఈ అంటారు. నా వీసా కాగితం మీద ఆ మాట లేదని ఎయిర్‌పోర్టులోనే ఒక మలయాళీ చేత మూడుసార్లు చదివించుకుని గానీ నేను బయటికి రాలేదు.

అలాంటి నాకు సంబంధం వచ్చింది. వరుసకు మేనమామ అయ్యే ఒకాయన కూతురు. ఆయనదీ గొర్ల ఇల్లే. సెలవులో వెళ్లినప్పుడు ఒక పెళ్లిలో ఆమెను చూశాను. వడ్డన దగ్గర నిలబడి, రెండోసారి వరసలో దూరిన మా బాబాయిని చెయ్యి పట్టి లేపేసింది. ఆ క్షణమే నా మనసు ఆమె మీద పడింది. పెద్దవాళ్లు మాటలు మొదలుపెట్టాక ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టుకోవడానికి మాకు అనుమతి దొరికింది. ఆమె పంపిన మొట్టమొదటి వాయిస్ మెసేజ్ నాకు ఈనాటికీ కంఠతా వచ్చు.

“బావా, ఒక్క మాట. మా అక్క మొగడు దుబాయిల ఆఫీసు పని అని చెప్పిండు. పెండ్లయినంక చూస్తే ఒంటెల కాడ ఉన్నడు. ఒంటెలు కాసినందుకు మా అక్క ఏడ్వలే. అబద్ధం చెప్పినందుకు ఏడ్చింది. నువ్వేం పని చేసినా నాకు మంచిదే. అబద్ధం మాత్రం చెప్పకు.”

ఇంత సూటిగా చెప్పిన పిల్లకు నాలుగో రోజే అబద్ధం పంపాను. “నీ పని కాడ ఎట్లుంటదో ఒక ఫొటో పెట్టు బావా” అని అడిగింది. నేను సైట్ వెనక్కి వెళ్లి చూశాను. కంకర కుప్ప, తుప్పు పట్టిన చువ్వలు, మూత లేని నీళ్ల డ్రమ్ము, దాని మీద ఆరేసిన ఎవరివో మేజోళ్లు. ఏ వైపు నిలబడినా ఆ మేజోళ్లు ఫొటోలోకి వచ్చేస్తున్నాయి. ఫోన్ కొన్నప్పుడే అందులో ఒక బొమ్మ ఉంది. నీలంగా ఒక చెరువు, దాని వెనక మంచు కొండలు, ఒడ్డున మోకాలి లోతు పచ్చిక, పచ్చికలో తెల్లటి గొర్రెలు. తెర మీద రోజూ కనిపించే బొమ్మే. అదే పంపి, గొంతు సవరించుకుని, “మా సైట్ ఎనుకనే ఇది. డ్యూటీ అయినంక పొద్దుమూకి గీడ కూసుంటం” అని చెప్పాను. చెప్పేటప్పుడు నిజంగానే ఒడ్డున కూర్చున్నట్టు కాళ్లు చాపుకున్నాను కూడా.

తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. ఆ బొమ్మను ఇంకే ఇంటికి పంపినా చెరువును చూసేవాళ్లు, మంచును చూసేవాళ్లు. నేను పంపింది గొర్లు కాసేవాళ్ల ఇంటికి. వాళ్లకు అందులో గొర్రెలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. మర్నాడు జవాబు వచ్చింది.

“బావా, బాపు అడుగుమంటున్నడు. గవి ఎవలి గొర్లు? అంత ఎండల దేశంల గంత ఉన్నితోని ఎట్ల బతుకుతున్నయ్? తోకలు గంత పొడుగెందుకున్నయ్? పదిహేడు జీవాలున్నయట, కాపరి ఏడి, కుక్క ఏది అంటున్నడు.” కాసేపు ఆగింది. వెనక ఎవరో దగ్గారు. (మా కాబోయే మామే అయ్యుంటాడు.) “గొర్ల ముచ్చట నాకెందుకు గని బావా, అందుల నువ్వు లేవు. నువ్వున్న ఫొటో పంపు. వచ్చే ఐతారం బాపు మీ ఇంటికొచ్చి మాట ఖాయం జేస్తనంటున్నడు. ఫొటో చూసినంకనే పొమ్మన్న.”

పదిహేడని లెక్కపెట్టాడట! ఏడాదిగా ఆ బొమ్మ నా జేబులో ఉన్నా అందులో గొర్రెలెన్నో నాకు తెలియదు. గొర్ల ఇంట్లో పుట్టి ఇంత గుడ్డివాణ్ని ఎలా అయ్యానా అని సిగ్గేసింది. వెంటనే నిజం చెప్పేస్తే పోయేది. కానీ ఆ వయసులో నిజం చెప్పడం కంటే కొండ ఎక్కడం తేలికనిపించింది. రూములో ఒకడు, ఫొటో స్టూడియోలో నన్ను ఆ బొమ్మలోకి అతికించి ఇస్తారన్నాడు. మామ నా నీడ ఏ వైపు పడిందో కూడా అడుగుతాడని భయపడి వద్దన్నాను. ఒమాన్ ఇంత పెద్ద దేశం, ఎక్కడో ఒక చెరువు, దాని పక్కన కాస్త గడ్డి, నాలుగు జీవాలు ఉండకపోవు. ఉన్నచోటికి నేనే పోతాను, పక్కన నిలబడతాను. అప్పుడది అబద్ధమెలా అవుతుంది? అలా గట్టిగా నిశ్చయించుకుని ట్యాంకర్ భాయ్ దగ్గరికి వెళ్లాను.

ట్యాంకర్ భాయ్ హైదరాబాద్ పాతబస్తీ ఆయన. యాభై దాటాయి. కంపెనీ నీళ్ల ట్యాంకర్ తోలుతూ ఒమాన్‌లో ఎక్కని గుట్ట లేదు. నా కథంతా విని గడ్డం గోక్కున్నాడు. “ఫికర్ నక్కో మియా. జబల్ మీద, కొండ మీద, ఒక జాగా ఉంది. పచ్చగ, హరాభరా. తలాబ్ కూడా ఉంది. నేను ఆ పక్క ఊరికి ఆరు నెలలు నీళ్లు తోలిన.”

“చెరువుంటే మరి నువ్వు నీళ్లెందుకు తోలినవ్ భాయ్?”

ఆయన నా వైపు జాలిగా చూశాడు. “వాన పడ్డప్పుడు తలాబ్. పడనప్పుడు నేను. సవాల్ నక్కో పూఛో, ఇగ అడగకు.”

అదృష్టం కొద్దీ ఆ వారమే కొండల మీద వాన పడింది. బహ్లా వాగు ఎర్రగా పారింది. శుక్రవారం పక్కన నేషనల్ డే సెలవు కలిసొచ్చింది. భాయ్ నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే కంపెనీ పికప్ అడిగి తెచ్చాడు, కొండ మీదికి అలాంటి బండినే వదులుతారట. నేను మా మలయాళీ ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడి ఆయన పెళ్లినాటి నీలం కోటు, నల్ల బూట్లు అడిగి తెచ్చుకున్నాను. “మడత నలగకూడదు” అని ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు. తల నిండా నూనె, జేబులో దువ్వెన, సెంటు కూడా కొట్టుకున్నాను. (ఫొటోలో వాసన రాదని నాకు తెలుసు. అయినా కొట్టుకున్నాను.)

కొండ దారి సగం బాగానే సాగింది. మలుపు మలుపుకూ చలి పెరుగుతోంది. చెక్‌పోస్టు పోలీసు బండినీ చక్రాలనూ చూసి, చివర నన్నూ నా కోటునూ చూసి, ఏమీ అడగకుండానే పొమ్మన్నాడు. ఊరు దాటాక వానకు రోడ్డు కొట్టుకుపోయి ఉంది. భాయ్ బండి ఆపి, “అబ్ వాపస్, తిరిగి పోదామా?” అన్నాడు. ఆదివారానికి రెండు రోజులే ఉంది. నేను దిగి నడక మొదలుపెట్టాను. భాయ్ నా వెనకే తిట్టుకుంటూ వచ్చాడు. రెండు గంటలు రాళ్ల మీద నడిచాం. ఫోర్‌మన్ పాదం నాకంటే ఒక అంగుళం చిన్నదన్న సంగతి మొదటి అరగంటలోనే తెలిసింది. బూట్లు విప్పి మెళ్లో వేసుకుని మేజోళ్లతో నడిచాను. చలికి దవడలు కొట్టుకుంటుంటే ఇంట్లో దండెం మీద మా బాపు గొంగడి గుర్తొచ్చింది. దాన్ని నేను ఎంత అసహ్యించుకున్నానో, ఆ రోజు అంతగా కావాలనిపించింది.

చివరికి ఒక గట్టు ఎక్కాం. భాయ్ చెయ్యి చాపి, తనే తవ్వించినంత గర్వంగా, “దేఖ్!” అన్నాడు.

చూశాను. రెండు గుట్టల మధ్య గుంటలో, రాళ్లు పేర్చిన చిన్న కట్ట వెనక, గోధుమరంగు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గట్టిగా రాయి విసిరితే ఆవల పడుతుంది. పచ్చిక కూడా ఉంది, కాదనను. రాళ్ల సందుల్లో గోరంత ఎత్తున లేచింది. వంగి చూస్తే పచ్చగా ఉంది, లేచి నిలబడితే లేదు. గాలికి వంగిన పాత చెట్లు ఐదారు ఉన్నాయి. జీవాలు మాత్రం ఉన్నాయి. నేల తాకే వెంట్రుకలతో పెద్ద పెద్ద కొండ మేకలు, నా గోరంత పచ్చికను శ్రద్ధగా తినేస్తున్నాయి. ఒక రాయి మీద, రంగురంగుల బట్టలు కట్టుకున్న ఒక ముసలమ్మ కూర్చుని మమ్మల్నే చూస్తోంది. ఒక మనిషి కోటు వేసుకుని, మెళ్లో బూట్లు వేలాడేసుకుని, మేజోళ్లతో కొండెక్కి రావడం ఆవిడ అంతకుముందు చూసి ఉండదు.

నేను చలించలేదు. పాదాలను బూట్లలోకి దోపి, తల దువ్వి, నీళ్ల ముందు నిలబడ్డాను. మొదటి ఫొటోలో భాయ్ బొటనవేలు తప్ప ఏమీ పడలేదు. రెండోదాంట్లో నా తల లేదు. మూడోదాంట్లో నేను, చెరువు ఇద్దరం పడ్డాం గానీ చెరువు చిన్న గుంటలా, నేను దాంట్లో పడబోతున్నట్టు వచ్చాం. “వెనక మ్యాకలుంటే పెద్దగ కనవడతది భాయ్” అని, మేకలను నా వెనక్కి పిలవడానికి చిన్నప్పటి కూత ఒకటి పెట్టాను. నాలుక అంగిలికి ఆనించి తీసే కూత. పదేళ్లయింది అది నోట్లోంచి వచ్చి. ఒక్క మేక కూడా కదల్లేదు, ముసలమ్మ మాత్రం పడీపడీ నవ్వింది. ఈలోగా ఒక మేకపోతు తనంతట తనే వెనకనుంచి వచ్చి ఫోర్‌మన్ కోటు అంచు నమలడం మొదలుపెట్టింది. దాని నోట్లోంచి లాక్కునే సరికి అరచేతంత గుడ్డ లేదు.

ఆ గొడవలోనే కట్ట దగ్గర ఒక తల్లిమేక అరవడం వినిపించింది. ఆ అరుపు ఎందుకో గొర్ల ఇంట్లో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. తిరిగి చూస్తే, ఒండ్రు బురదలో ఒక పిల్ల మెడ వరకు కూరుకుపోయి ఉంది. మూతి నీళ్లలో మునుగుతోంది. ముసలమ్మ కర్ర పట్టుకుని లేచింది గానీ ఆవిడ అక్కడికి చేరేలోగా అది మిగలదు. నేను ఆలోచించానని చెబితే అబద్ధమవుతుంది. కాళ్లు వాటంతట అవే కదిలాయి. కోటు, బూట్లు, సెంటు, నేను, అందరం నడుం లోతు బురదలోకి దిగిపోయాం. పిల్లను లాగి గట్టు మీద వేసేసరికి అది ఊపిరి తీయడం లేదు. వెనక కాళ్లు పట్టి తలకిందులుగా రెండు ఊపులు ఊపాను. ముక్కులోంచి నీళ్లు కారాయి. నోట్లో వేలు పెట్టి బురద తీశాను. ముక్కులోకి గట్టిగా ఊదాను. మూడోసారికి అది నా మొహం మీద తుమ్మింది. ఒళ్లంతా వణుకుతుంటే కోటు గుండీలు విప్పి, కాళ్లు లోపలికి మడిచి, మూతి బయటికి పెట్టి రొమ్ముకు హత్తుకుని మళ్లీ గుండీలు పెట్టాను. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు వానలో మా బాపు గొంగట్లో పెట్టి చూపించిన పద్ధతి అది. మరచిపోయాననుకున్నాను.

ముసలమ్మ దగ్గరికి వచ్చి పిల్లను చూసింది, నన్ను చూసింది. మీద కప్పుకున్న ఉన్ని దుప్పటి తీసి నా భుజాల మీద వేసింది. తర్వాత అడిగింది. “ఇంతా రాఈ?” నువ్వు కాపరివా అని.

నాలుగేళ్లుగా ఏ మాట నా కాగితం మీద లేదని సంతోషించానో ఆ మాట. పక్కన భాయ్ ఉన్నాడు. సాయంత్రానికల్లా రూమంతా తెలిసిపోతుంది. అయినా ఆ ముసలమ్మ కళ్లలోకి చూస్తూ బట్టల దుకాణం గురించి చెప్పడానికి నాకు నోరు రాలేదు. “అబూయ్ రాఈ” అన్నాను. మా నాన్న కాపరి అని. గుండెల మీద పిల్ల కదిలింది. “అనా రాఈ”, నేనూ కాపరినే అని కూడా అనేశాను. ఆవిడ “జైన్, జైన్”, మంచిది మంచిది అని నా చెంప తట్టి, ఫ్లాస్క్‌లోంచి కాఫీ పోసి, దోసెడు ఖర్జూరాలు ఇచ్చింది. నాకు ఏడుపొచ్చింది. చలికని చెప్పాను.

పిల్లను తల్లి దగ్గర వదిలి, దుప్పటి ముసలమ్మకిచ్చి బయల్దేరాం. దిగేటప్పుడు భాయ్, “బట్టల దుకాణం బంద్ హోగయా?” అని అడిగి, ఆగకుండా పది నిమిషాలు నవ్వాడు. తర్వాత ఫోన్ చూపించాడు. నేను పిల్లను గుండెకు పెట్టుకుని గుండీలు పెడుతున్నప్పుడు ఎందుకు తీశాడో, ఎలా తీశాడో గానీ బొటనవేలు పడకుండా తీసిన ఒక్కటే ఒక్క ఫొటో అది. నడుం దాకా బురద. కోటు అంచు లేదు. జుట్టు మొహం మీద. నా గడ్డం కింద మేకపిల్ల మూతి. వెనక చెరువు ఒక సన్న గీతలా ఉంది. తెలిసినవాళ్లు చూపిస్తే తప్ప అది చెరువని ఎవరికీ తెలియదు. “దీన్ని ఎట్ల పంపుత భాయ్?” అన్నాను. “మియా, మిగిలిన వాటిల్ల నువ్వు లేవు” అన్నాడు ఆయన.

సిగ్నల్ దొరికిన మలుపు దగ్గర పికప్ ఆపించి, ఆ ఫొటో పంపి, వాయిస్ మెసేజ్ పెట్టాను. “ఆ ముందుటి ఫొటో నా ఫోన్ల అచ్చిన బొమ్మ. నేనట్లాంటి జాగ ఎన్నడు సూడలే. నాది షట్టరింగ్ పని. సైట్ ఎనుక కంకర కుప్ప ఉంటది. నీకోసం నిజం చెరువు దేవులాడుకుంట అచ్చిన. ఇదే దొరికింది. నీ ఇష్టం.” పంపాక భాయ్ హారన్ కొట్టేదాకా ఫోన్ తెరనే చూస్తూ నిలబడ్డాను.

శనివారమంతా జవాబు లేదు. మామ ఐతారం మా ఇంటికి వెళ్లడని తేల్చేసుకున్నాను. మేకులు కొట్టబోయి రెండుసార్లు వేలు కొట్టుకున్నాను. కోటు నాలుగుసార్లు ఉతికినా మేక వాసన పోలేదు. ఫోర్‌మన్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిజం చెప్పడం అప్పటికి అలవాటైపోయింది. ఆయన తలపట్టుకుని, కాసేపటికి నవ్వి, కోటు నన్నే ఉంచుకోమన్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ మోగింది.

“బావా, బాపు మీ ఇంట్లనే ఉన్నడు, మాట ఖాయమైంది. నేను నీ మీద కోపంతోని ఫొటో చూపియ్యొద్దనుకున్న. ఆయనే గుంజుకున్నడు. చెరువేదని అడుగుతడేమో అనుకుంటే, చెరువు దిక్కే సూడలే. పిల్ల కాళ్లు లోపల, మూతి బయట, సూడు, ఈ పోరనికి జీవాల పని తెలుసు, మంద ఇచ్చినా భయం లేదు, పిల్లనిచ్చినా భయం లేదు అన్నడు.” ఆగింది. ఈసారి ఆ ఆగడంలో నవ్వు ఉంది. “ఇంకోసారి అబద్ధం చెప్పినవనుకో, సచ్చినవే. ఇగ గా కోటు మాత్రం పెండ్లికి ఏసుకోకు.”

వేసుకోలేదు. ఇప్పుడు ఇద్దరం ఒమాన్‌లోనే, అల్ హైల్‌లో ఉంటున్నాం, నేనే ఫోర్‌మన్‌ను. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు అద్దె కార్ల మీద చేతులు వేసి ఫొటోలు దిగుతుంటే చూసీ చూడనట్టు పోతాను. వాన పడిన ఒక సెలవు రోజున మా ఆవిణ్ని ఆ గట్టు ఎక్కించాను. ఆ గుంట వైపు చాలాసేపు చూసి, “గింతే?” అంది. అని, నా చెయ్యి మాత్రం వదల్లేదు. ముసలమ్మ కనిపించలేదు.

ఆ ఫొటోను మామ పెద్దది చేయించి, అద్దం కట్టించి, ఇంట్లో తలుపు ఎదురుగా పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. “మా అల్లుడు, ఒమాన్‌ల. ఎనుక గా చెరువు సూసినవా? ఇంత సన్నగ కనవడుతది గని, రెండు మైళ్లుంటదట” అంటాడు. పోయినసారి మేం వెళ్లేసరికి ఆ చెరువు నాలుగు మైళ్లయింది, అందులో పడవలు కూడా తిరుగుతున్నాయి. నేను సరిచేయబోతే మా ఆవిడ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. అబద్ధమంటే అంతగా మండిపడే మనిషి! ఇక చేసేదేముంది, నోరు మూసుకుని ఆ అద్దం వైపు చూస్తూ కూర్చున్నాను. చిరిగిన కోటులో, బురదలో, ఏడుపు మొహంతో, మేకపిల్లను గుండెకు హత్తుకుని, తన బతుకు ఆ క్షణంతో ముగిసిపోయిందనుకుంటున్న ఆ కుర్రవాణ్ని చూస్తే ఎప్పటిలాగే నవ్వొచ్చింది, కాస్త కళ్లు కూడా చెమ్మగిల్లాయి. వాడికి ఎలాగైనా ఒక్క కబురు పంపగలిగితే బాగుండు. ఒరేయ్, సెంటు దండగ చేశావు గానీ, ఫొటో మాత్రం బాగా వచ్చిందిరా అని.